ఇనుముకీ ఉక్కుకీ తేడా ఏంటి? ఇన్ని రకాలు ఎందుకు? అన్నిటికీ గట్టిది ఒకటే వాడితే పోలేదా?

మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు, ఇంజనీరింగ్ మీద ఉక్కు ప్రభావం ఏమిటనీ అడిగారు, దాని సంగతి తర్వాత చెప్తాను. మిగతా ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. ఇనుములో కాస్త కార్బన్ కలిస్తే ఉక్కు అవుతుందని పాఠంలో చదివారు. చాలాసార్లు ఒక్క శాతం కూడా ఉండని ఆ కార్బన్ అంత తేడా ఎలా తెస్తుంది, ఉక్కులో ఇన్ని వందల రకాలు ఎందుకు, అన్నిటికంటే గట్టిదాన్ని ఒకటి ఎంచుకుని అన్ని పనులకూ అదే వాడేస్తే పోలేదా అని అడిగారు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, మిగతా రెండూ దాన్ని పట్టుకునే ఉన్నాయి కాబట్టి. కుదరదు. ఉక్కును ఎంత గట్టిపరిస్తే అంత పెళుసెక్కుతుంది. గీత కూడా పడనంత గట్టిగా ఉండేది గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది, వంగినా తెగని మెత్తటిది రాపిడికి అరిగిపోతుంది. ఏ పనికి ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలన్న లెక్క నుంచే ఇన్ని రకాలు పుట్టాయి. అది తేల్చేవి రెండు: అందులో ఏం కలిపారు, దాన్ని ఎలా వేడిచేసి ఎలా చల్లార్చారు. చాలామంది మొదటిది మాత్రమే చూస్తారు. హీట్ ట్రీట్‌మెంట్‌లో, ఆ తర్వాత మెటీరియల్ టెస్టింగ్‌లో ఇరవై ఏళ్ళ పైన పనిచేశాను. నా బల్ల మీదికి వచ్చిన విరిగిన ముక్కల్లో చాలావాటికి ఉక్కు మంచిదే, వేడిచేసి చల్లార్చిన పద్ధతే తప్పు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒక చోట పంపు షాఫ్ట్ సీల్ తగిలే దగ్గర మాటిమాటికీ అరిగిపోతోందని, ఈఎన్8 (సుమారు 0.4 శాతం కార్బన్ ఉన్న మామూలు ఉక్కు) తీసేసి, బేరింగుల్లో వాడే ఈఎన్31 పెట్టారు. అందులో కార్బన్ దాదాపు 1 శాతం, క్రోమియం ఒకటిన్నర శాతం దాకా ఉంటాయి. దాన్ని లోపలిదాకా గట్టిపరిచి రాక్‌వెల్ సీ (గట్టిదనం కొలిచే) స్కేలు మీద 60 తెచ్చారు. నిజంగానే అరుగుదల ఆగింది. మూడు వారాలకు షాఫ్ట్ రెండు ముక్కలైంది. విరిగిన ముఖాన్ని లైటు కింద పెట్టి చూస్తే పింగాణీ పగిలినట్టు బూడిద రంగులో నున్నగా ఉంది, ఎక్కడా లోహం సాగిన గుర్తు లేదు. వ్యాసం తగ్గే మెట్టు దగ్గర మూల గుండ్రంగా కాకుండా కోసినట్టు పదునుగా వదిలేశారు, పగులు సరిగ్గా అక్కడే మొదలైంది. మళ్ళీ ఈఎన్8కే వెళ్ళి, సీల్ తగిలే చోట మాత్రం పైపొరను ఇండక్షన్‌తో (కరెంటు కాయిల్‌తో పైపొరను మాత్రమే వేడిచేసే పద్ధతి) గట్టిపరిచి, ఆ మూలను గుండ్రంగా చేయించాం. పైన గట్టిగా, లోపల సాగే గుణంతో ఉండే ఆ షాఫ్ట్ తర్వాత ఇబ్బంది పెట్టలేదు.

ఇక కార్బన్ సంగతి. కార్బన్ సుమారు 2 శాతం లోపు ఉంటే ఉక్కు, అది దాటితే పోత ఇనుము. ఉక్కు చేయడమంటే ఇనుములో కార్బన్ కలపడం అనుకుంటారు గానీ, ముడి ఖనిజం నుంచి చేసేటప్పుడు జరిగేది దానికి తిరగబడిన పని. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి కారే ఇనుములో 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది, అది బొగ్గు నుంచి వచ్చి చేరినది. ఆ ద్రవంలోకి ఆక్సిజన్ ఊది, కార్బన్‌ను మండించి, కావలసినంత మాత్రం మిగిల్చుకోవడమే ఉక్కు తయారీ. దాంతోపాటు గంధకం, భాస్వరం కూడా వదిలించుకోవాలి. గంధకం ఎక్కువైతే ఎర్రగా కాల్చి సాగదీసేటప్పుడు ఉక్కు చీలిపోతుంది, భాస్వరం ఎక్కువైతే చలిలో పెళుసెక్కుతుంది. మాంగనీసు కలపడానికి ఒక ముఖ్య కారణం గంధకాన్ని పట్టి కట్టేయడమే.

ఇంత తక్కువ కార్బన్ ఎలా పనిచేస్తుందంటే, రహస్యమంతా ఇనుము పరమాణువుల అమరికలో ఉంది. మామూలు వేడిలో ఇనుము పరమాణువులు ఒక రకంగా పేర్చుకుని ఉంటాయి, ఆ అమరికలో కార్బన్ దూరడానికి దాదాపు చోటు ఉండదు, మహా అయితే 0.02 శాతం. 912 డిగ్రీలు దాటగానే అదే ఇనుము ఇంకో అమరికకు మారుతుంది, అందులో 2 శాతం దాకా కార్బన్ కరిగిపోగలదు. (కార్బన్ ఉంటే ఈ మార్పు ఇంకా తక్కువ వేడిలోనే, 727 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది.) ఇప్పుడు దాన్ని మెల్లగా చల్లారనిస్తే, కరిగిన కార్బన్‌కు బయటికి వచ్చే తీరిక ఉంటుంది. అది ఇనుముతో కలిసి గట్టి కార్బైడ్ పొరలుగా, మెత్తటి ఇనుము పొరల మధ్యలో ఒకటి విడిచి ఒకటిగా పేరుకుంటుంది. మైక్రోస్కోపు కింద ముత్యపుచిప్ప లోపలి మెరుపులా కనిపిస్తుంది కాబట్టి దానికి పెర్లైట్ అని పేరు. అదే ముక్కను నీళ్ళలోనో నూనెలోనో ఒక్కసారిగా ముంచితే కార్బన్ బయటికి రాలేక లోపలే ఇరుక్కుపోతుంది, పరమాణువుల వరుసలు సాగి, బిగుసుకుపోతాయి. దాన్నే మార్టెన్‌సైట్ అంటాం, జర్మనీకి చెందిన అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద. అది సూదులు చల్లినట్టు కనిపిస్తుంది.

వర్క్‌షాపు అందుబాటులో ఉంటే, తగిన జాగ్రత్తలు తీసుకుని ఇది మీ చేత్తో మీరే చేసి చూడండి, పది పేజీలు చదివినదాని కంటే బాగా ఎక్కుతుంది. 0.8 శాతం లేదా అంతకు కాస్త ఎక్కువ కార్బన్ ఉన్న టూల్ స్టీల్ సన్న కడ్డీ ఒకటి తీసుకుని ఎర్రగా కాల్చండి. అయస్కాంతం దగ్గరికి తెచ్చి చూస్తూ ఉంటే ఒక దశలో అంటుకోవడం మానేస్తుంది, ఇంకాస్త వేడిచేసి నీళ్ళలో ముంచండి. ఇప్పుడు దాని మీద ఆకురాయి రాస్తే కొరకదు, గాజు మీద జారినట్టు జారిపోతుంది. అదే కడ్డీని గుడ్డ చుట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని సుత్తితో కొట్టండి, పుల్లలా విరుగుతుంది. ఇంకో ముక్కను అలాగే ముంచి, పైన మసి పోయేదాకా గీకి మెరిపించి, సన్నని మంట మీద మెల్లగా వేడిచేయండి. మెరిసే ముఖం మీద ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది, అది సుమారు 220, 230 డిగ్రీలు. తర్వాత ఊదా, 300 దగ్గర నీలం. గడ్డిరంగు దగ్గర ఆపితే కోసే పనిముట్టు, నీలం దాకా పోనిస్తే దెబ్బలు తట్టుకునేది. ఇదే టెంపరింగ్. ఒకే కడ్డీ, ఒకే కార్బన్, మూడు రకాల లోహాలు! ఇన్నేళ్ళయినా ఆ రంగు పాకుతూ రావడం చూడటం నాకు ఇష్టమే.

ముంచిన వెంటనే టెంపర్ చేయకుండా రాత్రంతా వదిలేసిన డైలు (లోహాన్ని ఆకారంలోకి నొక్కే అచ్చులు), ఎవరూ ముట్టుకోకుండానే తెల్లారేసరికి పగిలి ఉండటం నేను కళ్ళారా చూశాను. కాబట్టి గట్టిపరిచాక టెంపరింగ్ వాయిదా వేయొద్దు.

రకాలు ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతాయి.

కార్బన్ 0.25 శాతం లోపు ఉంటే మైల్డ్ స్టీల్. యాంగిళ్ళు, ఛానెళ్ళు, రేకులు, గేట్లు, కారు బాడీలు అన్నీ ఇదే. వంగుతుంది, సాగుతుంది, వెల్డింగ్‌కు బాగా ఒప్పుకుంటుంది, కానీ నీళ్ళలో ముంచినా పెద్దగా గట్టిపడదు, ఇరుక్కోవడానికి కార్బనే లేదుగా. 0.3 నుంచి 0.6 దాకా షాఫ్టులు, గేర్లు, రైలు చక్రాలు. అంతకు పైన స్ప్రింగులు, ఉలులు, బ్లేడులు, తీగలు. రైలు పట్టాలు 0.6, 0.8 మధ్య ఉంటాయి.

మిశ్రమ ఉక్కుల గురించి ఒక అపోహ ఉంది, నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిపితే ఉక్కు ఇంకా గట్టిపడుతుందని. నిజానికి ఎంత గట్టిపడగలదో ప్రధానంగా తేల్చేది కార్బనే. ఈ మిగతావి చేసే పెద్ద పని, గట్టిదనాన్ని లోతుగా దింపడం. 50 మిల్లీమీటర్ల ఈఎన్8 కడ్డీని ముంచితే పైన కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పూర్తిగా గట్టిపడతాయి, నడుమ అంత త్వరగా చల్లారదు, అక్కడ పెర్లైటే వస్తుంది. ఈఎన్24 అనే మిశ్రమ ఉక్కులో ఒకటిన్నర శాతం నికెల్, కాస్త క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. అవి కార్బన్ బయటికి వచ్చే వేగాన్ని తగ్గిస్తాయి, అందువల్ల నీళ్ళు అక్కర్లేకుండా నూనెలో నెమ్మదిగా చల్లారినా లోపలిదాకా గట్టిపడుతుంది. నూనెలో చల్లార్చడం వల్ల పగుళ్ళు, వంకర్లు కూడా తగ్గుతాయి. లావుపాటి భాగాలకు మిశ్రమ ఉక్కు కొనేది ఇందుకే, సన్నటి పిన్నుకు అది దండగ.

కొన్ని వింత ఉక్కులూ ఉన్నాయి. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే షెఫీల్డ్ ఆయన 12, 13 శాతం మాంగనీసు కలిపి ఒక ఉక్కు చేశాడు. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడటం కాదు, సాగే గుణం వస్తుంది, కానీ దెబ్బ తగిలిన కొద్దీ తగిలిన చోటే గట్టిపడుతుంది. రాళ్ళు నలిపే క్రషర్ దవడలు, రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగులు ఈనాటికీ దీంతోనే చేస్తారు. దాన్ని డ్రిల్ చేయబోయి డ్రిల్ బిట్లు పోగొట్టుకున్నవాళ్ళకు దాని సంగతి బాగా తెలుసు. సిలికాన్ ఉక్కు కూడా ఆయన చేతి మీదుగా వచ్చిందే. సుమారు 3 శాతం సిలికాన్ కలిసిన పల్చటి రేకులే ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కోర్. అవి లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్లలో కరెంటు వేడిగా ఇంకా చాలా వృథా అయ్యేది.

స్టెయిన్‌లెస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ప్రశ్నలు ఎక్కువ వచ్చేదీ దీని మీదే. 1913లో హారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా చేయాలని చూస్తూ, 13 శాతానికి దగ్గరగా క్రోమియం ఉన్న ఉక్కు పోయించాడు. దానికి ఆసిడ్ సరిగా ఎక్కడం లేదని గమనించి, అది తుప్పు పట్టదని పట్టుకున్నాడు. క్రోమియం 10.5 శాతం దాటితే గాలి తగిలిన ముఖం మీద కంటికి కనిపించనంత పల్చని క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, గీత పడితే మళ్ళీ తనంత తానే అల్లుకుంటుంది. ఎక్కువగా వాడే 304 అనే రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం, ఉప్పు నీటికి తట్టుకోవడానికి. 

అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదు అనేది తప్పు. 430, 410, 420 రకాలకు అంటుకుంటుంది, అవీ అసలైన స్టెయిన్‌లెస్సే. 304కు కూడా బాగా వంచిన చోట కొంచెం అంటుకుంటుంది. పైగా నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 సిరీస్‌కు అంటుకోదు, అది తుప్పుకు 304 అంత తట్టుకోదు. కాబట్టి అయస్కాంతం పెట్టి నాణ్యత తేల్చలేం.

స్టెయిన్‌లెస్‌కూ తుప్పు పడుతుంది. ఒకసారి 304తో చేసిన ట్యాంకు తెచ్చి చూపించారు, వెల్డింగ్ గీతకు కొన్ని మిల్లీమీటర్ల దూరంలో, రెండు పక్కలా సమాంతరంగా గోధుమరంగు చారలు. వెల్డింగ్ మీద శుభ్రంగా ఉంది, దూరంగా రేకు శుభ్రంగా ఉంది, మధ్యలో ఆ పట్టీ మాత్రమే తినేసింది. ఆ పట్టీ వెల్డింగ్ వేడికి 450, 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉండిపోయింది. ఆ వేడిలో క్రోమియం వెళ్ళి కార్బన్‌తో జతకడుతుంది, లోహపు రేణువుల అంచుల్లో క్రోమియం కరువవుతుంది, అక్కడ పొర ఏర్పడదు. 0.03 శాతం లోపు కార్బన్ ఉండే 304ఎల్ వాడి ఉంటే ఈ గొడవే లేదు. చూశారా, ఇక్కడా కథ మళ్ళీ కార్బన్ దగ్గరికే వచ్చింది.

వెల్డింగ్ ఎత్తాం కాబట్టి ఇంకో మాట. కార్బన్ ఎక్కువున్న ఉక్కును వెల్డ్ చేస్తే, వెల్డ్ పక్కనున్న చల్లటి లోహమే నీళ్ళలా పనిచేసి వేడిని ఒక్కసారిగా లాగేస్తుంది, అక్కడ మార్టెన్‌సైట్ తయారవుతుంది. దానికి తడి ఎలక్ట్రోడ్ నుంచి వచ్చిన హైడ్రోజన్ తోడైతే, సాయంత్రం చక్కగా ఉన్న జాయింటు మర్నాడు పగిలి కనిపిస్తుంది. అందుకే ముందుగా వేడిచేయడం, 7018 లాంటి తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి వాడటం. మనవాళ్ళు చాలామంది ఈ రెండోది లెక్కచేయరు, పని ఒత్తిడిలో డబ్బా విప్పి అలాగే వదిలేస్తారు. ఇది చిన్న విషయం కాదు, దయచేసి నిర్లక్ష్యం చేయొద్దు.

ఇప్పుడు మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారంటున్నారు కాబట్టి, చాలామంది పనిలో చేరాక కూడా తడబడే ఒక విషయం. బలమైన ఉక్కు తక్కువ వంగుతుందనుకోవడం పొరపాటు. మైల్డ్ స్టీల్ సుమారు 250 మెగాపాస్కల్ దగ్గర లొంగిపోతుంది, అంటే ఇక వెనక్కి రాకుండా వంగిపోతుంది, ఖరీదైన మిశ్రమ ఉక్కు 1000 దాటి కూడా నిలబడుతుంది. కానీ ఆ హద్దు లోపల బరువుకు ఎంత వంగుతుందనేది తేల్చే స్థితిస్థాపక గుణకం దాదాపు అన్ని ఉక్కులకూ ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్. నాకు తెలిసిన ఒక డిజైనర్ మెషిన్ ఫ్రేము ఎక్కువ ఊగుతోందని బలమైన ఉక్కుకు మారి, బలం పెరిగింది కదా అని మందం తగ్గించాడు. ఊగుడు పెరిగింది. ఊగుడు తగ్గాలంటే ఆకారం మార్చాలి, లోతు పెంచాలి, రిబ్బులు పెట్టాలి. మెటీరియల్ పేరు మారిస్తే తగ్గదు.

ఇంజనీరింగ్ మీద ప్రభావం అన్నారు, అది పెద్ద విషయం, నాకు ముఖ్యమనిపించినవి చెప్తాను. ఉక్కు పాతదే. మన దక్షిణాదిన మూసల్లో కరిగించి చేసిన ఉక్కు దూరదేశాల దాకా కత్తులకు వెళ్ళింది, ఇంగ్లీషులో దాన్ని పిలిచే వూట్జ్ అన్న మాటకు మన 'ఉక్కు' మూలమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కానీ అది గిద్దెడు గిద్దెడుగా వచ్చేది, వంతెనలు కట్టేంత కాదు. 1856లో హెన్రీ బెస్సిమర్ కరిగిన ఇనుములోకి గాలి ఊది టన్నుల కొద్దీ ఉక్కు చేసే పద్ధతి ప్రకటించాడు, దానికి రాబర్ట్ ముషెట్ మాంగనీసు చిట్కా తోడైంది, 1878 ప్రాంతంలో థామస్, గిల్‌క్రిస్ట్ కొలిమి లోపలి పూత మార్చి భాస్వరాన్ని వదిలించారు. అక్కడి నుంచి చూడండి. 1889లో పూర్తయిన ఈఫిల్ టవర్ ఇంకా చేత ఇనుమే (కార్బన్ దాదాపు లేని మెత్తటి ఇనుము), ఆ మరుసటి ఏడే స్కాట్లాండ్‌లో తెరిచిన ఫోర్త్ రైలు వంతెన పూర్తిగా ఉక్కు, 50 వేల టన్నులు దాటింది. 1883 నాటి బ్రూక్లిన్ వంతెన ఉక్కు తీగల మీద వేలాడుతోంది.

కళ్ళకు కనిపించని ప్రభావం ఇంకోటి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. 1900 పారిస్ ప్రదర్శనలో టేలర్, వైట్ ఇద్దరూ చేసిన హై స్పీడ్ స్టీల్ పనిముట్టు ఎర్రగా కాలుతూ కూడా లేత్ మీద ఉక్కును కోస్తూనే ఉండటం చూసి జనం నివ్వెరపోయారు. మామూలు కార్బన్ ఉక్కు ఆ వేడికి ఎప్పుడో మెత్తబడిపోవాలి. టంగ్‌స్టన్, క్రోమియం వల్ల ఇది నిలబడింది. కోసే వేగం ఎన్నో రెట్లు పెరగడంతో పాత లేత్‌లు ఆ జోరుకు సరిపోక, యంత్రాలనే మళ్ళీ కొత్తగా డిజైన్ చేయాల్సి వచ్చింది.

కాంక్రీటులో కడ్డీ వేస్తే కలిసి పనిచేయడం కూడా ఒక అదృష్టమే. వేడికి ఉక్కు, కాంక్రీటు దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి, లేకపోతే ఎండకూ చలికీ రెండూ విడిపోయేవి. మనం వాడే టీఎంటీ కడ్డీ అడ్డంగా కోసి పాలిష్ చేసి ఆసిడ్ రుద్దితే అంచున ముదురు ఉంగరం కనిపిస్తుంది. రోలింగ్ మిల్లు నుంచి వేడిగా వస్తుండగానే నీళ్ళు చిమ్మి పైపొర గట్టిపరిచి, లోపలి వేడితోనే దాన్ని టెంపర్ చేసినది. ఆ షాఫ్ట్ కథ గుర్తుందా, ఇదీ అదే సూత్రం. సైట్లో కడ్డీ బరువుకు వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగించమంటారే, అదీ ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7850 కిలోలు అన్నదాని నుంచి వచ్చిందే. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.89 కిలో.

ఉక్కుకు హద్దులూ ఉన్నాయి. 600 డిగ్రీల దగ్గర మామూలు ఉక్కు బలం సగానికి పడిపోతుంది, అందుకే అగ్నిప్రమాదంలో ఉక్కు స్తంభాలకు రక్షణ పూత కావాలి. చలి ఇంకా మోసం చేస్తుంది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ, నిలకడ నీళ్ళలో కట్టేసి ఉండగానే పెద్ద శబ్దంతో నడిమికి విరిగింది. యుద్ధం రోజుల్లో అలా పగిలిన ఓడలు ఇంకా ఉన్నాయి. తప్పంతా వెల్డింగ్‌దే అని మొదట అనుకున్నారు. కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఆవిడ చేసిన పరీక్షలు, ఆ ఉక్కు ఒక స్థాయి చలికి దిగితే సాగడం మానేసి పెళుసుగా మారుతుందని చూపించాయి. వెల్డింగ్ పాత్ర లేకపోలేదు, రివెట్లు కొట్టిన ఓడలో పగులు ఒక ప్లేటు దగ్గర ఆగేది, అంతా ఒకే ముక్కగా వెల్డ్ చేసిన ఓడలో అది ఆగకుండా పాకిపోయింది. చల్లటి చోట వాడే ఉక్కుకు ఆ చలిలోనే ఛార్పీ ఇంపాక్ట్ పరీక్ష (గంటు పెట్టిన ముక్కను దెబ్బకొట్టి విరగ్గొట్టి చూసేది) అడగడం వెనక ఈ అనుభవాలున్నాయి.

ఇక మీకు పనికొచ్చే మాట. ఉక్కు తీసుకునేటప్పుడు గ్రేడ్ పేరుతో ఆగకుండా టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, అందులో కార్బన్, గంధకం, భాస్వరం, లొంగే బలం, ఎంత శాతం సాగిందీ చూడండి. బలం బాగుండి సాగుడు తక్కువుంటే నేను అనుమానిస్తాను. సర్టిఫికెట్ మీది హీట్ నంబరు (ఆ ఉక్కు ఏ కొలిమి పోతలో వచ్చిందో చెప్పే సంఖ్య) కడ్డీ మీద కొట్టిన నంబరుతో కలవాలి. మాకొకసారి రెండు గ్రేడ్ల కడ్డీలు ఒకే ర్యాకులో కలిసిపోయాయి, పెయింటు గుర్తులు చెరిగిపోయాయి. ఒక్కోదాన్నీ గ్రైండింగ్ చక్రానికి ఆనించి నిప్పురవ్వలు చూస్తూ వేరుచేశాం. మైల్డ్ స్టీల్ రవ్వలు పొడుగ్గా, తిన్నగా, చివర పెద్దగా చీలకుండా వెళ్తాయి. కార్బన్ పెరిగే కొద్దీ ప్రతి రవ్వ చివర కాకరపువ్వొత్తిలా చిటపటమని చీలుతుంది. నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ అయితే పొట్టిగా, ఎర్రగా, దాదాపు చీలకుండా. ముప్పై నలభై కడ్డీలకు ఒక మధ్యాహ్నం పట్టింది, తర్వాత అనుమానం ఉన్న ఆరింటిని ల్యాబుకు పంపితే ఐదింటికి రవ్వలు చెప్పిందే నిజమైంది. ఆరోది తేడా వచ్చింది, కాబట్టి రవ్వలు చూసి వేరుచేయండి గానీ, మనుషుల ప్రాణం ఆధారపడే భాగానికి ల్యాబు రిపోర్టు లేకుండా ముందుకు పోకండి.